గొంతు అంటే ఏ గొంతు?



తెలుగులో గొంతు అనే ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడండి. క్వయిర్‌లో బాగా పాడే అమ్మాయిని "గొంతు బాగుంది" అంటాం. జలుబు చేస్తే "గొంతు నొప్పి" అంటాం. చేప తింటుంటే "గొంతులో ముల్లు దిగింది" అంటాం. ఊపిరి ఆడనివారు "గొంతు పట్టేసింది" అంటారు. మెడ ముందు వాపు కనిపిస్తే "గొంతు వాచింది" అంటాం. ఇవి అయిదూ అయిదు వేరు వేరు చోట్లు. మొదటిది స్వరపేటిక. రెండవది నోటి వెనుక భాగం. మూడవది అన్నం దిగే దారి. నాలుగవది గాలి వెళ్ళే దారి. అయిదవది చాలాసార్లు థైరాయిడ్ గ్రంథి. ఇవి చాలవన్నట్టు కొందరు పీక అంటారు, కొందరు కుత్తుక అంటారు, పెద్దలు కంఠం అంటారు.

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల ఇబ్బంది లేదు. ఆసుపత్రిలో అడుగుపెట్టాక వస్తుంది చిక్కు. అక్కడ ఫారింక్స్, లారింక్స్, ట్రకియా, ఈసోఫేగస్, సర్వైకల్ అనే మాటలు వినిపిస్తాయి. మన దగ్గరేమో అన్నిటికీ కలిపి ఒకే మాట. వారి దగ్గర ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట, అది మనకు తెలియని మాట. ఈ రెంటి మధ్య నిలబడి రోగి భార్యో, కొడుకో ఒక సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాలి. కొందరు అర్థం కాకుండానే పెడతారు. కొందరు అర్థం కాకనే పెట్టరు. రెండూ ప్రమాదమే. ఎందుకంటే మెడ భాగంలో ఆలోచించుకోవడానికి దొరికే సమయం కొన్నిసార్లు గంటలు కాదు, నిమిషాలు.

అందుచేత ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఒక్కటే. మెడకు సంబంధించిన ఏ పేరైనా సరే, దాని చోటు వేలితో చూపించి, దాని పని రోగి మాట్లాడే తెలుగులో చెప్పేవరకు ఆ పేరు చెప్పినట్టు కాదు. అలా చెప్పించుకోవడం రోగికి, ఆయన కుటుంబానికి ఉన్న హక్కు. అది వారి బాధ్యత కూడా.

రెండు గొట్టాలు, ఒక మూత

మేక మాంసం కొట్టు దగ్గర నిలబడినవారందరూ గాలిగొట్టాన్ని చూసే ఉంటారు. తెల్లగా, గట్టిగా, వరుసగా ఉంగరాలు పేర్చినట్టు ఉంటుంది. మన మెడలోనూ అటువంటిదే ఉంది. వైద్యులు ట్రకియా అనేది దాన్నే. పెద్దవారిలో సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దానిలో 16 నుండి 20 వరకు మృదులాస్థి ఉంగరాలు ఉంటాయి. అవి పూర్తి ఉంగరాలు కావు. గుర్రపు నాడాలాగా వెనుకవైపు తెరచి ఉంటాయి. కోడి మెడ శుభ్రం చేసేటప్పుడు గమనించండి, కోడికి మాత్రం పూర్తి ఉంగరాలే. గొట్టం నలిగిపోకుండా, గాలి దారి ఎప్పుడూ తెరచి ఉండేలా దేవుడు చేసిన ఏర్పాటు ఇది.

దీనికి వెనుక ఆనుకొని ఇంకొక గొట్టం ఉంది. అది మెత్తనిది. ఏదైనా మింగినప్పుడు తెరుచుకుంటుంది, తరువాత మూసుకుంటుంది. అన్నం, నీళ్ళు దిగేది దానిలోనే. గాలిగొట్టం ముందు, అన్నం గొట్టం వెనుక. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మెడ గురించి సగం తెలిసినట్టే.

గాలిగొట్టం పైభాగాన స్వరపేటిక ఉంటుంది. మగవారికి మెడ ముందు పొడుచుకొని కనిపించేది దాని అంచే. దాన్ని ఆంగ్లంలో ఆదాము ఆపిల్ అంటారు. ఆదాము తిన్నది ఆపిల్ అని ఆదికాండములో ఎక్కడా లేదు, ఫలము అనే ఉంది. పేరు మాత్రం నిలిచిపోయింది. స్వరపేటిక పైన ఆకులాంటి ఒక మూత ఉంటుంది. మింగేటప్పుడు అది గాలి దారి మీద వాలుతుంది. నోరు తెరిస్తే అద్దంలో వేలాడుతూ కనిపించే కొండనాలుక ఇది కాదు. ఈ మూత ఇంకా కిందుగా, నాలుక మొదటి దగ్గర ఉంటుంది.

మూత పడేలోపల మెతుకు అటు జారితే మనకు పొలమారుతుంది. ఎవరో తలచుకుంటున్నారని నెత్తి మీద తట్టుతారు పెద్దవాళ్ళు. నిజానికి పొలమారడం అనేది ఎంతో చక్కని మాట. తిండి దారి తప్పి గాలి దారిలోకి వెళ్ళిందనే అర్థం అందులోనే ఉంది. కేస్ షీటులో "ఆస్పిరేషన్ నిమోనియా" అని రాసి ఉంటుంది. దానినే "పొలమారడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చిన నిమోనియా" అంటే పల్లె నుండి వచ్చిన ముసలమ్మకు కూడా తెలుస్తుంది.

డాల్ఫిన్ వంటి జీవులలో స్వరపేటిక పైకి నిలబడి ముక్కు దారిలోకి అమరి ఉంటుంది. గాలి దారి, తిండి దారి వేరువేరుగా ఉంటాయి. పుట్టిన బిడ్డలో కూడా స్వరపేటిక బాగా పైన ఉంటుంది. పెరిగే కొద్దీ కిందకు దిగుతుంది. అది కిందకు ఉండటం మనిషి మాటకు తోడ్పడిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మాట్లాడే వరంతో పాటు పొలమారే ప్రమాదం కూడా మనకు వచ్చిందన్నమాట.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఒకటి చెబుతాను. స్పృహలో లేని మనిషికి "గొంతు ఎండిపోతోంది, కాస్త తడపండి" అని చెంచాతో నీళ్ళు, పాలు పోస్తారు. ప్రేమతో చేసే పనే. కానీ స్పృహ లేనివారికి మింగడం ఉండదు, మూత సరిగా పడదు, దగ్గు రాదు. పోసింది నేరుగా ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పక్షవాతం వచ్చినవారికి, మూర్ఛ వచ్చినవారికి, తలకు దెబ్బ తగిలినవారికి నోటితో ఏమీ పోయకండి. పెదవులు తడి గుడ్డతో తుడవండి, చాలు.

అది గొంతు కోయడం కాదు

ట్రకియాస్టమీ అనే మాట వినగానే బంధువులు "గొంతు కోస్తారట" అని ఏడుస్తారు. తెలుగులో గొంతు కోయడం అంటే చంపడం, లేదా నమ్మించి మోసం చేయడం. ఆ మాటతో చెబితే ఏ తల్లి ఒప్పుకుంటుంది? వరండాలో ఊరి పెద్దలు కూడి, "బతకడని తెలిసే ఇలా చేస్తున్నారు" అని తీర్మానిస్తారు. ఈలోగా సమయం గడిచిపోతుంది.

నిజంగా చేసేది ఏమిటి? స్వరపేటికకు కిందుగా, మెడ ముందుభాగాన, గాలిగొట్టం ఉంగరాల దగ్గర చిన్న దారి చేసి, ఒక వంపు గొట్టం అమరుస్తారు. ముక్కు, నోటి దారి మూసుకుపోయినా, రోగి ఆ దారిలో ఊపిరి తీసుకుంటాడు. పురుగుమందు విషమెక్కినవారికి, తలకు పెద్ద దెబ్బ తగిలినవారికి, చాలా రోజులు వెంటిలేటరు మీద ఉండవలసినవారికి ఇది చేస్తారు. నోటి నుండి వేసిన గొట్టాన్ని వారాల తరబడి ఉంచితే స్వరపేటిక దెబ్బతినవచ్చు. మెడ దగ్గర గొట్టం ఉంటే కఫం తీయడం సులభం, రోగికి బాధ కూడా తక్కువ. గొట్టం ఉన్నంతకాలం గాలి స్వరతంతువుల దాకా చేరదు కాబట్టి సాధారణంగా మాట రాదు. కోలుకున్నాక గొట్టం తీసేస్తే రంధ్రం చాలామందిలో దానంతట అదే పూడుకుంటుంది, మాట తిరిగి వస్తుంది.

దీన్ని "మెడ దగ్గర ఊపిరి దారి చేయడం" అని చెబితే ఎంత తేడా! చేసే పని అదే, కత్తి అదే. మాట మారేసరికి భయం సగం తగ్గుతుంది.

ఈ భయం చదువు లేనివారికే ఉంటుందని అనుకోవద్దు. 1799 డిసెంబరు 14న అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ తన మౌంట్ వెర్నన్ ఇంట్లో గొంతు వాచి, ఊపిరి ఆడక మరణించాడు. మంచం దగ్గర ముగ్గురు వైద్యులు ఉన్నారు. వారిలో చిన్నవాడైన ఎలీషా డిక్ గాలిగొట్టానికి దారి చేద్దామన్నాడు. మిగిలిన ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ కాలపు పద్ధతి ప్రకారం ఆయనకు చాలా రక్తం తీశారు. ఆ రాత్రే ఆయన కన్నుమూశాడు. ఆ దారి చేసి ఉంటే బతికేవాడా అని ఈనాటికీ వైద్యులు చర్చించుకుంటారు. మెడ మీద కత్తి అంటే వైద్యులే వెనుకాడిన రోజులవి. ఇప్పుడు ఇది ప్రతి పెద్ద ఆసుపత్రిలో తరచుగా చేసే చికిత్స.

దీనితో కలిపి పొరబడే మాట ఇంకొకటి ఉంది, లారింజెక్టమీ. అది వేరు. క్యాన్సర్ వచ్చిన స్వరపేటికను పూర్తిగా తీసివేసి, గాలిగొట్టం చివరను మెడ చర్మానికి కుడతారు. ఆ రంధ్రం జీవితాంతం ఉంటుంది. మాట కోసం వేరే సాధన చేయాలి. రెండు మాటలూ వినడానికి ఒకేలా ఉన్నాయి. ఒకదానిలో మాట తిరిగి వస్తుంది, మరొకదానిలో పాత గొంతు ఇక రాదు. సంతకం పెట్టేముందు "ఇది తీసేసేదా, ఉండేదా? మాట వస్తుందా?" అని అడగడం తప్పు కాదు. అడగకపోవడమే తప్పు.

ఒకే పేరు, వేరు వేరు చోట్లు

ఇప్పుడు సర్వైకల్ అనే మాట తీసుకోండి. లాటిన్‌లో సర్విక్స్ అంటే మెడ. అందుకని మెడ ఎముకల అరుగుదలను సర్వైకల్ స్పాండిలోసిస్ అంటారు. గర్భసంచికి కూడా కింద మెడలాంటి భాగం ఉంది, దాన్నీ సర్విక్స్ అంటారు. అక్కడ వచ్చే క్యాన్సర్ సర్వైకల్ క్యాన్సర్. ఒక సోదరి మెడనొప్పితో వచ్చి, కాగితంలో సర్వైకల్ అని చూసుకొని క్యాన్సరేమోనని హడలిపోతుంది. ఇంకొక సోదరి సర్వైకల్ క్యాన్సర్ పరీక్ష శిబిరం అని వింటే, "నాకు మెడనొప్పి లేదులే" అని ఇంట్లోనే ఉండిపోతుంది. రెండవది ఎక్కువ నష్టం. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు చేయించుకోవలసిన పరీక్ష అది. దాన్ని "గర్భసంచి ముఖద్వారం పరీక్ష" అని ప్రకటించాలి. సంఘంలో ప్రకటన చదివే పాస్టరు గారు, స్త్రీల సమాజం నాయకురాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మెడ స్కాన్ కాగితంలో సి-5, సి-6 అని ఉంటుంది. అది జబ్బు అయిదవ దశ, ఆరవ దశ అని అనుకొనేవారున్నారు. అది ఎముకల వరుస సంఖ్య మాత్రమే. మెడలో ఏడు ఎముకలు ఉంటాయి. పైనుంచి లెక్కపెడితే అయిదవది, ఆరవది అని అర్థం. పిల్లలకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి: అంత పొడవు మెడ ఉన్న జిరాఫీకి కూడా ఏడే ఎముకలు, చిట్టెలుకకూ ఏడే. జిరాఫీకి ఒక్కొక్క ఎముక పొడవు ఎక్కువ, అంతే.

ఆ ఎముకల లోపల వెన్నుపాము ఉంది. ప్రధాన యాజకుడు ఏలీ పీఠం మీద నుండి వెనుకకు పడి, మెడ విరిగి చనిపోయాడని 1 సమూయేలు 4వ అధ్యాయంలో చదువుతాం. రోడ్డు ప్రమాదంలో పడినవారిని చేతులు, కాళ్ళు పట్టి ఆటోలో వేసేటప్పుడు మెడ వాలిపోనీయకండి. ఒకరు తలను, మెడను కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. 108 వచ్చేవరకు ఆగగలిగితే ఇంకా మంచిది.

తరువాత బిళ్ళల సంగతి. చెంపల కింద గవదబిళ్ళలు, మెడ పక్కన గండమాల, టాన్సిల్స్, థైరాయిడ్ వాపు, అన్నిటినీ కలిపి మనం "మెడలో గడ్డ" లేదా "బిళ్ళ" అంటాం. ఇవి వేరువేరు జబ్బులు, వేరువేరు మందులు. గండమాల అంటే చాలాసార్లు మెడలోని గ్రంథులకు వచ్చిన క్షయ. దానికి ఐరోపాలో స్క్రోఫ్యులా అని పేరు, అది ఆడపంది అనే లాటిన్ మాట నుండి వచ్చింది. ఇంగ్లండులో రాజు ముట్టుకుంటే ఈ జబ్బు పోతుందని నమ్మేవారు. 1712లో చిన్నపిల్లవాడైన శామ్యూల్ జాన్సన్‌ను ఆన్ రాణి దగ్గరకు తీసుకెళ్ళి ముట్టించారు. జబ్బు తగ్గలేదు. తరువాత ఆయనే గొప్ప నిఘంటుకారుడు అయ్యాడు. మన దగ్గర రాజుగారి చెయ్యి బదులు పసర్ల పట్టీలు ఉన్నాయి. నేడు ఈ క్షయకు ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది, నెలల తరబడి మానకుండా వాడితే నయమవుతుంది. సూది పరీక్ష చేస్తే గడ్డ విషమిస్తుందనే భయం వద్దు. ఏ గడ్డో తెలుసుకోవడానికే ఆ సూది.

మెడ ముందు, సరిగ్గా మధ్యన వచ్చి, గుటక వేస్తే పైకి కిందికి కదిలే వాపు సాధారణంగా థైరాయిడ్‌ది. దాన్ని గాయిటర్ అంటారు. హిమాలయ ప్రాంతాలలో నేలలో, నీటిలో అయొడిన్ చాలక ఊళ్ళకు ఊళ్ళే ఈ వాపుతో ఉండేవి. ఆ సమస్య మీద హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956 నుండి పనిచేసి, అయొడిన్ కలిపిన ఉప్పుతో ఈ వాపు తగ్గుతుందని నిరూపించినవారిలో ముఖ్యులు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. ఆయన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన తెలుగువారు. కాంగ్రా తల్లులకు ఆ జబ్బు శాస్త్రీయ నామం తెలియనవసరం లేకపోయింది. ఏ ఉప్పు వాడాలో తెలిస్తే చాలింది.

సంస్కృతం కూడా గోడే

ఇది చదివి, "అయితే అన్నీ తెలుగులోకి మారిస్తే సరిపోతుంది" అనేవారు ఉంటారు. అంత తేలిక కాదు. థైరాయిడ్‌ను పాఠ్యపుస్తకాలలో అవటు గ్రంథి అన్నారు. మన ఓ.పి.లో కూర్చున్నవారిలో థైరాయిడ్ అంటే తెలియనివారు తక్కువ, అవటు అంటే తెలిసినవారు ఇంకా తక్కువ. గాలి దారి మీది మూతను ఉపజిహ్విక అన్నారు. గాలిగొట్టాన్ని ఒక పుస్తకంలో వాయునాళం అంటారు, ఇంకొక దానిలో శ్వాసనాళం అంటారు. ఇంటర్మీడియట్ జంతుశాస్త్రం చదివే మన పిల్లలు బొద్దింకకు కూడా వాయునాళాలు ఉంటాయని చదువుతారు. బొద్దింక ముక్కుతో ఊపిరి తీయదు. దాని శరీరం పక్కలలో 10 జతల రంధ్రాలు ఉంటాయి. వాటి నుండి సన్నని గొట్టాలు గాలిని నేరుగా లోపలి భాగాలకు చేరుస్తాయి. మేకకూ బొద్దింకకూ ఒకే పేరు, పని తీరు మాత్రం వేరు. పేరు బట్టీ పడితే మార్కులు వస్తాయేమో గాని, అర్థం రాదు.

ఆ మాటకొస్తే వైద్యుల మాటలు కూడా ఒకప్పుడు మామూలు మాటలే. ట్రకియా అంటే గ్రీకు భాషలో గరుకైనది. థైరాయిడ్ అంటే డాలు ఆకారంలో ఉన్నది. డిఫ్తీరియా అంటే తోలు. గొంతులో తోలులాంటి పొర కడుతుంది కాబట్టి ఫ్రాన్సు వైద్యుడు బ్రెటొన్నో 1826లో ఆ పేరు పెట్టాడు. చూసినది చూసినట్టు చెప్పారు వాళ్ళు. మనం మాత్రం చూసినట్టు చెప్పడం నామోషీ అనుకుంటున్నాం.

డిఫ్తీరియాకు తెలుగులో కంఠసర్పి అని పేరు. టీకా కార్డు మీద ఏ పేరున్నా, తల్లికి చెప్పవలసింది ఇది: "పిల్లల గొంతులో బూడిదరంగు పొర కట్టి, ఊపిరి ఆగేలా చేసే జబ్బు ఇది. టీకాతో ఆపవచ్చు." ఇది పాత జబ్బు, పోయిందిలే అనుకోవద్దు. హైదరాబాదు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఈ శతాబ్దంలో కూడా కంఠసర్పి పిల్లలు వచ్చారు. 6, 10, 14 వారాల టీకాలు వేయించి, ఏడాదిన్నరప్పటిది, అయిదేళ్ళప్పటిది మరిచిపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి. దయచేసి కార్డు తీసి చూడండి.

కాబట్టి నా వాదన ఆంగ్లానికి వ్యతిరేకం కాదు, సంస్కృతానికి వ్యతిరేకం కాదు. థైరాయిడ్ జనం మాట అయిపోయింది, అలాగే ఉండనివ్వండి. పొలమారడం జనం మాట, దాన్ని వాడండి. కాగితం మీద ఆంగ్లం పేరు తప్పక ఉండాలి, ఎందుకంటే రేపు రోగి విశాఖపట్నమో, వేలూరో వెళితే అక్కడి వైద్యులకు అది కావాలి. కాగితం వైద్యుల కోసం, మాట రోగి కోసం.

"సమయం లేదు" అనే మాట

ఓ.పి.లో అంత రద్దీలో ఇవన్నీ చెప్పే తీరిక ఎక్కడిదని మా తోటి సిబ్బంది అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ వేలితో మెడ ముందు చూపించి "ఇక్కడ ఊపిరి దారి చేస్తాం, కోలుకున్నాక తీసేస్తాం" అనడానికి అర నిమిషం చాలు. చెప్పకపోతే, ఆ బంధువులు వరండాలో పది మందిని అడిగి, పది రకాల భయాలు మూటగట్టుకొని తిరిగి వస్తారు. వారికి మళ్ళీ నచ్చజెప్పడానికి గంట పడుతుంది. ఒక్కోసారి ఆ గంట రోగికి ఉండదు.

చెబితే భయపడతారని కొందరంటారు. మనుషులు తెలిసినదానికంటే తెలియనిదానికే ఎక్కువ భయపడతారు. గుండెకు సంబంధించిన విషయాలు మన జనానికి ఇప్పుడు ఎంతో తెలుసు. స్టెంటు, బైపాస్ అనే మాటలు పల్లెల్లో కూడా వినిపిస్తాయి. ఎవరో ఓపికగా చెప్పబట్టే కదా. మెడకు కూడా ఆ ఓపిక కావాలి.

రోగుల వైపు బాధ్యత కూడా ఉంది. "గొంతు బాగోలేదు" అని మాత్రం చెప్పి ఊరుకోవద్దు. ఎక్కడో వేలితో చూపించండి. మింగితే నొప్పా, ఊపిరి తీస్తే ఇబ్బందా, మాట బొంగురు పోయిందా, ఎన్నాళ్ళయింది, చెప్పండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే, మెడలో గడ్డ రెండు మూడు వారాలలో తగ్గకపోతే, ఘన పదార్థాలు మింగడం రోజురోజుకూ కష్టమైతే తప్పక చూపించుకోండి. చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ, మద్యం అలవాటు ఉంటే దాచవద్దు, ఆ అలవాటున్నవారు అసలే ఆలస్యం చేయవద్దు. ప్రసంగికులు, ఉపాధ్యాయులు, క్వయిర్ వారు కూడా వినండి: ఎక్కువగా ప్రసంగించేవారికి వచ్చే బొంగురును ఒకప్పుడు వైద్యులు పాస్టరు గారి గొంతునొప్పి అనే పేరుతోనే పిలిచేవారు. ఇది కూడా మూడు వారాలు దాటితే మిరియాల కషాయంతో సరిపెట్టుకోవద్దు.

చిన్న పిల్లలకు వేరుశనగ గుండ్లు, సీతాఫలం గింజలు, నాణేలు, పెన్ను మూతలు అందనీయకండి. అకస్మాత్తుగా ఊపిరి ఆగి, దగ్గలేక, ఏడవలేకపోతే నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెతకవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. ఏడాది దాటిన పిల్లలనైనా, పెద్దవారినైనా ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతితో గట్టిగా 5 సార్లు తట్టండి. పోకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. ఏడాది లోపు పసివారికి పొట్ట నొక్కకూడదు. తల కిందుగా ఉండేలా ముంజేయి మీద పడుకోబెట్టి వీపు మీద 5 సార్లు తట్టి, తిప్పి రొమ్ము మధ్యన రెండు వేళ్ళతో 5 సార్లు నొక్కాలి. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి.

అయిదు మాటలు

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో, ఎవరికీ తెలియని భాషలో పదివేల మాటల కంటే అర్థమయ్యే అయిదు మాటలే మేలని చెబుతాడు. అది సంఘం గురించి రాసిన మాట. ఆసుపత్రికి కూడా సరిపోతుంది. మన బైబిలు అనువాదకులు కూడా ఈ దారినే నడిచారు. నిర్గమకాండము 32వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులను గూర్చి హెబ్రీ భాషలో గట్టి మెడ గలవారు అని ఉంది. తెలుగు చేసినవారు మెడను వదిలేసి, లోబడనివారు అనే అర్థం పెట్టారు. మాటను కాదు, అర్థాన్ని మన చేతికి ఇచ్చారు.

అందుకని రోగులు, బంధువులు ఈ అయిదు మాటలు గుర్తుపెట్టుకోండి. సంతకానికి ముందు అడగండి: ఎక్కడ? ఏమిటి? ఎందుకు? ఎన్నాళ్ళు? చేయకపోతే? డాక్టరు గారిని అడగడానికి బిడియమైతే సిస్టరు గారిని అడగండి, చాప్లిన్ గారిని తోడు తీసుకోండి. మన ఆసుపత్రి సిబ్బంది ఈ అయిదింటికీ అడగకముందే జవాబు చెప్పాలని నా మనవి. సమ్మతి పత్రం పక్కనే మెడ బొమ్మ ఒకటి, రెండు గొట్టాలూ కనబడేలా, ప్రతి వార్డులో తగిలిస్తే ఇంకా మేలు. ఖర్చు పెద్దగా ఉండదు.

ప్రాణం మీదకు వస్తే మనం "కంఠగత ప్రాణం" అంటాం. ప్రాణం, ఆత్మ అని తర్జుమా చేసే హెబ్రీ మాట నెఫెష్. దాని తొలి అర్థాలలో గొంతు ఒకటని పండితులు చెబుతారు. ఊపిరి, ఆకలి, దాహం, మాట, అన్నీ ఆ కాస్త చోటులోనే నడుస్తాయి. అటువంటి చోటును గురించి ఒకరికొకరు అర్థమయ్యేటట్టు మాట్లాడుకోవడం చికిత్సలో భాగమే. ఊపిరి ఊదిన దేవుడు మీకు, మీ ఇంటివారికి ఆరోగ్యము దయచేయును గాక.